దువ్వకుండా వదిలిన చోటు

నేను ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగను, సరుకుల చీటీ తప్ప. కథకు మొదలు ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకని ఆ మేడ మీద రోజూ పొద్దున్నే పని ఎక్కడ మొదలవుతుందో అక్కడే మొదలుపెడుతున్నాను.

పని తూము దగ్గర మొదలయ్యేది. అది నాలుగంతస్తుల భవనం. పైన సగం గచ్చు, సగం పచ్చిక. పచ్చిక అంటే మొలిచింది కాదు. చాపలాగా చుట్టచుట్టి లారీలో తెచ్చి పరిచిన ప్లాస్టిక్ గడ్డి. దాన్ని చూసుకునే ఆమెను భవనంలో అందరూ దువ్వెనమ్మ అనేవాళ్ళు. ఎప్పుడు చూసినా ఆమె చేతిలో గట్టి కుచ్చుల బ్రష్షు ఉండేది మరి. అసలు పేరు ఉండే ఉంటుంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. పదిమందిలో నోరు విప్పాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది.

పొద్దున్నే లేచి తూము నోట్లో చిక్కిన ఆకులు తీసేది. తర్వాత పచ్చిక ఊడ్చేది. తర్వాత టీ. మేడ మీదే ఒక మూల రెండు గదుల్లో ఆమె కాపురం. ఉండేది తనూ, భర్తా. భర్త బస్సు డ్రైవరు. అంటే, నిరుటిదాకా.

వానలకు పది రోజుల ముందు నుంచి మాత్రం దువ్వెనమ్మకు ఊపిరి సలిపేది కాదు. కుర్చీలు, కుండీలు పక్కకు ఈడ్వాలి. అంచులు పైకెత్తి, అడుగున ఉన్న చిల్లుల్లో పాత గొడుగు ఊచతో పొడిచి మట్టి తీయాలి, లేకపోతే నీళ్ళు దిగవు. రెండు చాపలు కలిసే అతుకు ఎక్కడన్నా ఊడితే జిగురు పూసి పైన ఇటుకలు బరువు పెట్టాలి. నీడపట్టున నాచు ఉంటే వెనిగర్ కలిపిన నీళ్ళతో రుద్దాలి. పోచలు నిలబడటానికి వాటి మొదళ్ళలో పొడి ఇసుక ఉంటుంది. గాలికి ఎగిరిపోయినంతా మళ్ళీ చల్లాలి. ఇవన్నీ అయ్యాక దువ్వాలి. దువ్వడమే అసలు పని.

మనిషి ఎక్కువకాలం ఒకేచోట కూర్చుంటే అక్కడ పోచలు పడుకుంటాయి. పోచలు పడుకున్నకొద్దీ ఆ మనిషీ కూలబడతాడు. నడుము పట్టేస్తుంది, లేదా పని మీద మనసు పోదు, లేదా మంచం దిగబుద్ధి కాదు. పోచల్ని ఎదురు దువ్వి నిలబెడితే ఆ మనిషి ఎక్కడున్నా లేచి కూర్చుంటాడు. ఆ భవనంలో ఇది అందరికీ తెలిసిందే. లిఫ్టు మూడో అంతస్తులో ఓసారి కుదుపు ఇస్తుందని తెలిసినట్టే ఇదీ తెలుసు. ఎండలకు ఇసుక వదులవుతుంది కాబట్టి దువ్వడానికి అదే అదను. తొలి వాన పడితే ఇసుక బిగుసుకుంటుంది. పడుకున్న పోచ పడుకున్నట్టే ఉండిపోతుంది, మళ్ళీ వేసవిదాకా ఏ బ్రష్షుకూ లేవదు.

అందుకే ఆ రోజుల్లో అందరికీ దువ్వెనమ్మ గుర్తొచ్చేది.

"దువ్వెనమ్మా, కుండీ పక్కన రెండోది నాది. మెడ తిరగడం లేదు, కాస్త చూడు" అనేవాడు కింద అంతస్తు పళ్ళ డాక్టరు. వాడేసిన టూత్ బ్రష్షులు కట్టగా కట్టి తెచ్చి ఇచ్చేవాడు, సందుల్లో దువ్వడానికి.

"నాది మాత్రం మెల్లగా" అనేది మొదటి అంతస్తు టైలరమ్మ. "నిరుడు నువ్వు అంత గట్టిగా దువ్వితే ఏమైందో తెలుసుగా? ఒక్కరోజులో పద్నాలుగు చొక్కాలు కుట్టి, బీరువాలన్నీ సర్ది, మా ఆయన్ని కూడా సర్దబోయాను. ఆయన దండం పెట్టి నన్ను మళ్ళీ తీసుకొచ్చి ఇక్కడ కూలేశాడు."

దువ్వెనమ్మ తల వంచుకుని నవ్వేది. ఏ చోటు ఎవరిదో ఆమెకు చూడగానే తెలిసేది. అయినా అడగడం ఇష్టం. మనుషులు తాము ఎక్కడ కూర్చుంటామో చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడతారు. ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు. అర్థం కానిదేదైనా ఆమె మనసులో గింజలా ఉండిపోయేది.

ఆ సోమవారం పొద్దుటికి అన్ని చోట్లూ దువ్వేసింది. ఒక్కటి మిగిలింది.

అది నీళ్ళ ట్యాంకు గోడ పక్కన ఉంది. అత్తగారి చోటు. ఆవిడ పన్నెండేళ్ళు అక్కడే కూర్చుని ఉన్ని అల్లింది, కోడల్ని కేకలేసింది, ఎదురుగా ఉన్న ట్యాంకు గోడతో కబుర్లు చెప్పింది. నిరుడు వేసవి చివర పోయింది. ఆ వేళ కొడుకు బస్సు తోలుతున్నాడు, ఊరికి ఆ చివర. తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని కబురు అందేసరికి బస్సులో యాభైమంది. వాళ్ళను నడిరోడ్డున దింపలేక ఆఖరి స్టాపుదాకా తోలి, అక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం.

"అమ్మ చోటు దువ్వకు" అన్నాడు ఆ వారం. ఆమె దువ్వలేదు. వాన పడింది, ఆ గుంట అలాగే బిగిసింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అతను వెళ్ళి అందులో కూర్చున్నాడు. మర్నాడు ఇంకాసేపు కూర్చున్నాడు. నెల తిరిగేసరికి పొద్దున ఎండ ఎక్కేదాకా అక్కడే, ఎండ ఎక్కితే గదిలో కుర్చీలో, ఎండ దిగితే మళ్ళీ అక్కడే. డిపోకి వెళ్ళడం మానేశాడు. గడ్డం పెరిగింది. అప్పుడప్పుడూ "ఇరవై నిమిషాలు" అనేవాడు, ఎవరితోనూ కాదు.

డిపో వాళ్ళు మంచివాళ్ళే. ఏడాదిపాటు పేరు కొట్టెయ్యకుండా ఉంచారు. ఇప్పుడు ఉత్తరం రాశారు. మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు వచ్చి మళ్ళీ ఒకసారి బస్సు తోలి చూపించాలట. రాకపోతే పేరు తీసేస్తారట. ఇదే ఆఖరు.

"ఏమండీ, రేపే" అంది ఆమె గుమ్మంలో నిలబడి.

"ఊఁ."

"యూనిఫాం ఉతికి పెట్టాను."

"ఊఁ."

"మబ్బు కూడా పట్టింది."

తలుపు కొడితే లోపల ఎవరూ లేని ఇంటిలా ఉన్నాడు.

ఆమె బయటికి వచ్చి ట్యాంకు గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఆ గుంటను చూసింది. అడుగున పోచలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, నూనె రాసి దువ్విన జుట్టులా అంటుకుపోయి ఉన్నాయి. ఏది తల్లి వంచింది, ఏది కొడుకు వంచింది? వేలు పెట్టి చూసింది. తెలియడం లేదు. కొడుకును లేపాలంటే తల్లిని లేపాలి. పోయిన మనిషి చోటు దువ్వితే ఏమవుతుంది? ఆ భవనంలో ఎవరూ ఎప్పుడూ చేయలేదు. దిగులుతో పాటు ఆమెకు ఇంకోటి కూడా లోపల గిలిగింత పెట్టింది. నిజంగా ఏమవుతుంది?

బట్టలు ఆరేయడానికి వచ్చిన టైలరమ్మను అడిగింది. అడగడానికి మూడు క్లిప్పులంత సేపు పట్టింది.

"ఏమో తల్లీ" అంది టైలరమ్మ. "బతికున్న మా ఆయన్ని లేపడానికే నా తల ప్రాణం తోకకొస్తోంది. పోయినవాళ్ళ సంగతి నాకేం తెలుసు?"

"పోతారంటావా? పూర్తిగా?"

"ఆవిడా? ఆవిడ ఎక్కడికన్నా పోయే మనిషేనా!" అని నవ్వి, నవ్వినందుకు నాలిక్కరుచుకుని, ఖాళీ బుట్ట ఎత్తుకుని దిగిపోయింది.

అప్పుడు దువ్వెనమ్మకు ఒక ఆలోచన తట్టింది. భర్త భారీ మనిషి. అత్తగారు పిడికెడు మనిషి. ఆవిడ గుంట చుట్టూ అతనిది ఒక నాలుగు వేళ్ళ వెడల్పు బయటికి వచ్చి ఉంది. ఆ నాలుగు వేళ్ళూ కచ్చితంగా అతనివే. డాక్టరిచ్చిన కట్టలోంచి ఒక టూత్ బ్రష్షు లాగి, చీమ నడిచినంత మెల్లగా ఆ అంచు ఒక్కటే చుట్టూ దువ్వింది. లోపలి వైపు ఒక్క పోచను కూడా కదపలేదు. గంటన్నర పట్టింది.

గదిలో కుర్చీ కిర్రుమంది.

ఆమె గబగబా వెళ్ళి చూసేసరికి అతను అద్దం ముందు నిలబడి ఉన్నాడు. మొహమంతా సబ్బు నురుగు. కుడి చెంప నున్నగా గీసేశాడు. గడ్డం కిందికి వచ్చాడు. అక్కడ చేయి ఆగింది. అలా కాసేపు తనను తానే చూసుకుని, రేజరు చేతిలో ఉండగానే వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెంప మీద నురుగు ఆరిపోతోంది.

సరిగ్గా అప్పుడే అతని చెల్లెలు వచ్చింది. పక్క వీధిలో ఆమెకు కళ్ళజోళ్ళ దుకాణం. ఉత్తరం సంగతి తెలిసి, దుకాణం మూసి, మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఆయాసపడుతూ అన్న మొహం చూసింది. తర్వాత వదిన చేతిలో టూత్ బ్రష్షు చూసింది.

"వదినా, అమ్మ చోటు ముట్టుకున్నావా?"

"అంచు ఒక్కటే అమ్మడూ. మీ అన్నయ్య వాటా. నాలుగు వేళ్ళే."

"నాలుగు వేళ్ళకి ఒక చెంప వచ్చిందన్నమాట" అంది ఆడపడుచు. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. దువ్వెనమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని, గుమ్మం అవతలికి వెళ్ళి మరీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నకొద్దీ కారాయి.

"మిగతాది మాత్రం వద్దు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ ఫోటో ఒక్కటన్నా సరైంది ఉందా నా దగ్గర? అన్నిట్లోనూ కళ్ళు మూసుకునే ఉంది. ఆ గుంట చూస్తే అమ్మ కూర్చున్నట్టే ఉంటుంది. నువ్వు దువ్వేస్తే ఇక నాకు ఏముంది?"

దువ్వెనమ్మ తలెత్తి ఆకాశం చూసింది. అవతల మబ్బు ట్యాంకు ఎత్తుకు దిగింది. గాలిలో తడి వాసన. సాయంత్రం లోపలే వాన వస్తుంది. వస్తే ఆ గుంటలో అతను ఇంకో ఏడాది. ఏడాది తర్వాత డిపోలో పేరుండదు. పేరు లేని మనిషిని లేపి మాత్రం ఏం లాభం?

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆమె భర్తకు ఎదురుగా కూర్చుని ఒక మాట గట్టిగా అడిగింది లేదు. ఆ రోజు స్టూలు లాక్కుని అతని మోకాళ్ళకు ఎదురుగా కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమండీ, నేను అత్తయ్య చోటు దువ్వుతాను."

అతను తలెత్తాడు. నున్నగా ఉన్న సగం మొహమే విన్నట్టుంది.

"దువ్వేస్తే" అన్నాడు, చాలా రోజులకు పూర్తిగా ఒక మాట, "అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?"

ఏదో ఒకటి చెప్పి ఒప్పించవచ్చు. మనసులో ఉంటుంది, గుండెల్లో ఉంటుంది, అలాంటివి ఎన్ని లేవు. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తెలీదండీ. నాకూ చూడాలనే ఉంది."

అతను వద్దు అనలేదు, సరే అనలేదు. "వాన వస్తోందా?" అన్నాడు.

"వస్తోంది."

"మరి కూర్చున్నావేం?"

ఆమె లేచింది.

బ్రష్షు తీసుకుని ఎదురు దువ్వింది. పోచలు కదల్లేదు. గట్టిగా దువ్వింది, కదల్లేదు. టూత్ బ్రష్షు పెట్టింది, తర్వాత తన తల దువ్వుకునే దువ్వెనే తెచ్చి పెట్టింది. రెండు పళ్ళు విరిగాయి. ఆడపడుచు చేతులు కట్టుకుని ట్యాంకు గోడకు ఆనుకుని చూస్తోంది. సాయం చేయలేదు, అలాగని అడ్డమూ రాలేదు. దూరంగా ఒకసారి ఉరిమింది.

దువ్వెనమ్మ మోకాళ్ళ మీద వెనక్కి వాలి చెమట తుడుచుకుంది. అత్తగారితో పట్టుదలకు పోయి తను ఎప్పుడు గెలిచింది గనక? గిన్నెలు బోర్లించే విషయంలోనే ఎప్పుడూ గెలవలేదు. బలవంతం చేస్తే ఆవిడ ఇంకా బిగుసుకునేది. మరి రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు ఆవిడ ఎలా లేచేది? లేచేది కదా, గొణుక్కుంటూ అయినా.

ఆమె బ్రష్షు పక్కన పెట్టి, చీపురు అందుకుంది. పక్కకు వచ్చి, కొంచెం వంగి, రోజూ అనే గొంతుతోనే అంది.

"అత్తయ్యా, కాస్త లేవండి. ఊడ్చుకుంటాను."

గాలి ఒక్క క్షణం ఆగింది. గుంట అంచున ఒక పోచ నిలబడింది. దాని పక్కన ఇంకొకటి. వయసు మళ్ళిన మనిషి ముందు అరచేయి నేలకు ఆన్చి, తర్వాత ఒక మోకాలు, తర్వాత రెండోది లేపినట్టు, కాస్త కాస్త ఆగుతూ ఆ పచ్చదనం పైకి లేచింది. ఎడమవైపు అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది. ఆవిడ ఎప్పుడూ ఎడమవైపే బరువు వేసేది.

"మెల్లగా, అమ్మా" అంది ఆడపడుచు, తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసి, చేయి అందించబోయి.

అంతా లేచాక దువ్వెనమ్మ అక్కడ నిజంగానే ఊడ్చింది. రెండు దోసిళ్ళ ఇసుక చల్లి, బ్రష్షుతో పోచల మొదళ్ళలోకి సర్దింది. ఇప్పుడు ఆ చోటు మిగతా పచ్చికలో కలిసిపోయింది. ఎక్కడుండేదో చూపించమంటే తనే చూపించలేదు.

గదిలో నీళ్ళ చప్పుడు. తర్వాత బీరువా తలుపు. తర్వాత అతను గుమ్మంలోకి వచ్చాడు. రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి, చేతిలో యూనిఫాం చొక్కా.

"ఈ బొత్తాం వదులైంది. సూది ఎక్కడ పెట్టావు?"

"రేడియో మీద డబ్బాలో."

వెళ్ళబోయి ఆగి, ట్యాంకు గోడ వైపు చూశాడు. చాలాసేపు వెతికాడు కళ్ళతో.

"లేదండీ" అంది ఆమె. "లేచారు."

"ఎక్కడికి?"

"చెప్పలేదు."

చెల్లెలు చప్పున నవ్వేసింది. "మనకి ఎప్పుడు చెప్పి వెళ్ళింది గనక అన్నయ్యా!"

అతను కూడా నవ్వబోయాడు. అప్పుడే తొలి చినుకు అతని నున్నటి చెంప మీద పడింది. చొక్కా తడుస్తుందని లోపలికి పరిగెత్తాడు. ఆ పరుగు చూసి ఆడవాళ్ళిద్దరూ కుర్చీలు లాగడం మర్చిపోయి తడిశారు.

రాత్రంతా వాన కొట్టింది. పొద్దున ఆరున్నరకల్లా అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. టీ సగమే తాగాడు. "ఆలస్యమవుతుంది" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి కష్టం కాలేదు. ఆమె అది గమనించింది.

తర్వాత ఆమె బకెట్టు పట్టుకుని పచ్చిక మీదికి వచ్చింది. నీళ్ళు చక్కగా దిగిపోయాయి, ఎక్కడా నిలవలేదు. అతుకులు గట్టిగా ఉన్నాయి. తూము వైపు నడుస్తూ, పిట్టగోడ దగ్గర ఆగిపోయింది.

అక్కడ ఒక గుంట ఉంది. నిన్నటిదాకా లేనిది. పిడికెడు మనిషి కూర్చున్నంత, ఎడమవైపు కొంచెం లోతుగా. రాత్రి మేడ తలుపు గడియ వేసింది తనే, పొద్దున తీసిందీ తనే. వంగి వేలితో నొక్కింది. ఇసుక అప్పుడే బిగుసుకుంది. ఇక వేసవిదాకా ఆవిడను కదిపేవాళ్ళు లేరు.

పన్నెండేళ్ళు ట్యాంకు గోడ చూస్తూ కూర్చున్న మనిషి ఇప్పుడు ఇటు తిరిగి ఎందుకు కూర్చుంది? దువ్వెనమ్మ ఆ గుంట చూసిన వైపే చూసింది. పిట్టగోడ కమ్మీల్లోంచి కింద రోడ్డు కనిపిస్తోంది, డిపో మలుపు నుంచి వంతెనదాకా.

వెళ్ళి ఆడపడుచుకి చెప్పాలి. టైలరమ్మకి కూడా. చెప్పొచ్చులే. ఎనిమిది కావొస్తోంది.

పక్కనే పచ్చిక మీద కూర్చోబోయి, ఆగింది. తడి ఇసుక, ఇప్పుడు కూర్చుంటే తనూ ఏడాదిపాటు కూర్చోవాల్సిందే. బకెట్టు తీసుకెళ్ళి పచ్చిక అంచు దాటాక గచ్చు మీద బోర్లించి, దాని మీద కూర్చుంది, అత్తగారికి జానెడు దూరంలో.

డిపో మలుపు తిరిగి ఒక ఖాళీ బస్సు వచ్చింది. డ్రైవరు పక్కన నిలబడి ఎవరో కాగితంలో రాసుకుంటున్నారు. బస్సు గొడుగేసుకున్న ఒక ముసలాయన రోడ్డు దాటేదాకా ఆగింది, తొందరపెట్టలేదు, తర్వాత నెమ్మదిగా ముందుకు కదిలింది.

"అదిగో అత్తయ్యా, ఆ నీలం బస్సు" అంది ఆమె, వేలు పెట్టి చూపిస్తూ. బస్సు వంతెన దాటేదాకా, ఏ స్టాపు దగ్గర ఆగిందో, ఎక్కడ సిగ్నలు దగ్గర ఎర్రదీపం పడిందో, ఒక్కటీ వదలకుండా ఆవిడకు చెబుతూనే ఉంది.